లంబసింగికీ తునికీ మే నెలలో ఒకే రంగు వస్తోంది, ఎక్కడ తప్పు చేశాను?

నర్సీపట్నం అమ్మాయి
నమస్కారమండీ. విశాఖలో పీజీ చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం దేశమంతటికీ మే నెల పగటి ఉష్ణోగ్రతల మ్యాపు వేస్తున్నాను. వాతావరణ శాఖ పుణె నుంచి ఇచ్చే గ్రిడ్ డేటా (దేశాన్ని గళ్ళుగా విడగొట్టి గడికో అంకె ఇస్తారు) తీసుకున్నాను, 1951 నుంచి ఉంది. రాజస్థాన్ ఎర్రగా, కశ్మీర్ నీలంగా బాగానే వచ్చాయి. మన వైపు చూస్తేనే మనసు ఒప్పుకోవడం లేదు. కొండ మీది లంబసింగికీ మైదానంలోని తునికీ ఒకటే రంగు!

మా అమ్మమ్మది లంబసింగి దగ్గర ఊరు. వేసవి సెలవుల్లో నర్సీపట్నంలో చెమటలు కారుతుండగా సాయంత్రం బస్సెక్కేవాళ్ళం. ఘాట్ మలుపులు సగం దాటేసరికి అమ్మ సంచిలోంచి చున్నీ తీసి నా చెవులకు చుట్టేది. ఆ తేడా కనిపించని మ్యాపు గైడ్‌కి ఎలా ఇవ్వను? కోడ్ మూడుసార్లు చూసుకున్నాను. టెన్షన్‌గా ఉంది.

మర్రిపాలెం మాస్టారు
నీ కోడ్‌లో తప్పేం లేదమ్మా, గడే పెద్దది. ఆ ఉష్ణోగ్రత డేటా ఒక డిగ్రీ గ్రిడ్, అంటే గడి ఒక్కో వైపు 100 కిలోమీటర్ల పైమాటే. 17–18 అక్షాంశాలు, 82–83 రేఖాంశాల మధ్య గడి గీసి చూడు. తుని, నర్సీపట్నం, లంబసింగి మూడూ అందులోనే పడతాయి. మూడింటికీ కలిపి ఒకే అంకె.

మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో రంగులు నునుపు చేస్తే మ్యాపు అందంగా కనిపిస్తుంది కానీ లేని సమాచారం పుట్టుకురాదు. ఆ పని మాత్రం చేయకు. కొండల కోసం వరల్డ్‌క్లిమ్ అనే వాతావరణ డేటా తీసుకో. గడి కిలోమీటరు లోపే, ఎత్తును కూడా లెక్కలోకి తీసుకుని తయారుచేశారు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గడం మామూలే కాబట్టి మన ఏజెన్సీకి అది ముఖ్యం. అయితే అది 1970–2000 సగటు. ఏళ్ళ వారీ మార్పు చెప్పాలంటే మళ్ళీ పుణె డేటాకే రావాలి. వానకైతే అక్కడే పావు డిగ్రీ గ్రిడ్ దొరుకుతుంది, 1901 నుంచి.

గాజువాక జూనియర్
అక్కా, దేశం సగటు తీసే ముందు 99.9 ఉన్న గళ్ళు తీసేశావా? డేటా లేని చోట ఆ అంకె పెడతారు, సముద్రం మీదంతా అదే. నేను చూసుకోలేదు, సగటు 70 డిగ్రీలు దాటేసింది. వాన ఫైళ్ళలో అయితే అది -999. ఇంకోటి, కన్యాకుమారి వైపు గడి కంటే కశ్మీర్ గడి విస్తీర్ణం దాదాపు ఆరో వంతు తక్కువ. అందుకే సగటు తీసేటప్పుడు ఒక్కో గడికి దాని అక్షాంశం కొసైన్‌తో వెయిటేజీ ఇవ్వు.

నర్సీపట్నం అమ్మాయి
99.9 తీసేశాను తమ్ముడూ, కొసైన్ సంగతే తెలియదు, ఇప్పుడు పెడతాను. మాస్టారూ, దేశం మ్యాపు అలాగే ఉంచి, మన గడి ఒక్కటీ పక్కన పెద్దది చేసి వరల్డ్‌క్లిమ్‌తో వేశాను. తుని ముదురు ఎరుపు. ఘాట్ మొదలయ్యే దగ్గర్నుంచి రంగు విరిగి, చింతపల్లికి వెళ్ళేసరికి పచ్చబడింది. అమ్మకు ఫోన్‌లో పంపితే, "డౌనూరు దాటాకే కదే చున్నీ తీసేదాన్ని" అంది.