ఫైల్ కాపీ అయ్యేటప్పుడు "ఇంకా ఎంతసేపు" అన్నది చూపించాలా?

కొత్తబిల్డ్: నేను రాస్తున్న డెస్క్‌టాప్ అప్లికేషన్‌లో ఫోల్డర్ కాపీకి ప్రోగ్రెస్ బార్, శాతం పెట్టాను. టెస్ట్ చేసినవాళ్లు మిగిలిన సమయం కూడా అడుగుతున్నారు. పెట్టమంటారా?

పాతకీబోర్డు: వద్దండీ. ఆ సమయం ఏనాడూ నిజం కాలేదు. 4 జీబీ వీడియో ఒక్కటైతే గబగబా పోతుంది. అదే 4 జీబీ వేల చిన్న ఫైళ్లయితే ప్రతిదాన్నీ తెరవాలి, సృష్టించాలి, మూయాలి. "2 నిమిషాలు" అన్నది కాసేపటికి "40 నిమిషాలు" అవుతుంది. ఎన్ని ఫైళ్లలో ఎన్ని అయ్యాయో చూపండి, చాలు.

రాత్రిషిఫ్ట్: అంచనా వేయడం చేతకాక తీసేయమంటే ఎలా? ఈమధ్య వేగానికి ఎక్కువ బరువిచ్చి సగటు తీస్తే అంకె అంతగా ఎగరదు. మొదటి ఐదు సెకన్లు "లెక్కేస్తోంది" అనండి. తర్వాత కూడా సెకన్లు వద్దు, "సుమారు 3 నిమిషాలు" అంటే చాలు.

సెమీకోలన్: కాపీ మెయిన్ థ్రెడ్‌లో, అంటే విండోను నడిపే పనివరుసలోనే, లేదు కదా? ఉంటే ఏ బార్ పెట్టినా విండో బిగుసుకుపోతుంది.

కొత్తబిల్డ్: లేదు, వేరే థ్రెడ్‌లోనే. విండోస్‌లో ఫైల్ కాపీకి ఉన్న కాపీఫైల్‌ఎక్స్ ఫంక్షన్ వాడుతున్నా, ఎంత అయిందో అదే మధ్యమధ్యలో నా కోడ్‌ను పిలిచి (కాల్‌బ్యాక్) చెబుతుంది. బార్ మాత్రం సెకనుకు పదిసార్లే గీస్తున్నా. లైనక్స్‌లో ముక్కముక్కగా కాపీ చేసే లూప్ నేనే రాశాను.

పాతకీబోర్డు: సగటు ఎలా తీసినా, వచ్చే ఫైలు ఎలాంటిదో దానికేం తెలుసు?

రాత్రిషిఫ్ట్: మొత్తం సైజు, ఫైళ్ల సంఖ్య ముందే లెక్కపెడతాం కదండీ! రెండూ కలిపి అంచనా వేయాలి. మీరు మళ్లీ మళ్లీ ఆ ఒక్క ముక్కే పట్టుకుంటున్నారు.

బీటాబాధితుడు: సమయం సంగతి తర్వాత. ముందు మీ 100 శాతానికి అర్థం చెప్పండి. లైనక్స్‌లో 100 చూసి పెన్‌డ్రైవ్ లాగేశాను. మా చెల్లి పెళ్లి ఫొటోలు సగం తెరుచుకోలేదు. ఒరిజినల్స్ అప్పటికే డిలీట్ చేశాను.

రాత్రిషిఫ్ట్: ఎజెక్ట్ చేయకుండా లాగితే అంతే. రాసిన డేటా ముందు ర్యామ్‌లోని క్యాష్‌లోకి వెళ్తుంది, డ్రైవ్‌లోకి తర్వాత దిగుతుంది. అది కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పని, అప్లికేషన్‌ది కాదు.

బీటాబాధితుడు: 100 అని రాసింది కెర్నెలా, మీ అప్లికేషనా? తప్పు మీది, నేర్చుకోవాల్సింది నేనా?

పాతకీబోర్డు: నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది ఇదే. రాత్రిషిఫ్ట్ గారికి బార్ అంటే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టే బొమ్మ. నాకు అది ఇచ్చిన మాట.

రాత్రిషిఫ్ట్: అవును, కూర్చోబెట్టడానికే! కదలని బార్ చూస్తే జనం టాస్క్ మేనేజర్ తెరిచి అప్లికేషన్‌నే చంపేస్తారు. అప్పుడు మీ మాట ఎవరికి చెబుతారు? పైగా ప్రతి ఫైలుకీ ఎఫ్‌సింక్ (డేటా డ్రైవ్‌లోకి దిగేదాకా ఆగే కాల్) పిలిస్తే చిన్న ఫైళ్ల కాపీ నత్తనడకే.

కొత్తబిల్డ్: కోప్పడకండి. లైనక్స్‌లో కొన్ని మెగాబైట్లకోసారి సింక్ చేసి, డ్రైవ్‌లోకి దిగినంతే బార్‌లో చూపిస్తా. చివర్లో "రాయడం ముగిస్తోంది, డ్రైవ్ తీయకండి" అని వస్తుంది. అది అయ్యాకే 100. సమయం "సుమారు" అనే పెడతా.

పాతకీబోర్డు: ఆ "సుమారు" తీసేసేదాకా నేను ఒప్పుకోను.

సెమీకోలన్: మధ్యలో క్యాన్సిల్ నొక్కితే? కాపీఫైల్‌ఎక్స్ సగం ఫైలును తనే తుడిచేస్తుంది. లైనక్స్‌లో మీ లూప్ ఏం చేస్తోంది?

కొత్తబిల్డ్: అయ్యో. అలాగే వదిలేస్తోంది.