డేమియన్ డఫ్ ఆట చూసినవాళ్ళు చెప్పండి, మా అబ్బాయి లెఫ్ట్ వింగ్ ఆడుతున్నాడు

బ్లాంచ్_నాన్న:
అందరికీ నమస్కారం. మేం డబ్లిన్‌లో బ్లాంచర్డ్స్‌టౌన్ వైపు ఉంటాం. మా అబ్బాయికి పన్నెండు నిండాయి. ఎడమ కాలి ఆట. ఇక్కడి పిల్లల ఫుట్‌బాల్ క్లబ్‌లో లెఫ్ట్ వింగ్, అంటే ఎడమ అంచున ముందుకు పరుగెత్తే స్థానంలో ఆడతాడు. నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలీదు. పోయిన వారం వాళ్ళ కోచ్ నన్ను పక్కకు పిలిచి, "కాళ్ళ దగ్గర బంతి ఉంటే మీ వాడు బాగా ఆడతాడు. బంతి పోయాక నిలబడిపోతాడు. డేమియన్ డఫ్ పాత మ్యాచ్‌లు చూపించండి" అన్నాడు. ఐర్లండ్‌కి ఆడిన ఈ డఫ్‌ని నేను ఇక్కడి డబ్లిన్ క్లబ్ షెల్‌బర్న్ మేనేజర్‌గా టీవీలో చూశాను గానీ ఆటగాడిగా ఎప్పుడూ చూడలేదు. యూట్యూబ్‌లో వెతికితే అన్నీ గోల్స్ ముక్కలే. ఏ మ్యాచ్‌లు పూర్తిగా చూపించాలి? ఆయన కెరీర్ ఎలా నడిచింది? చూసినవాళ్ళు చెప్తే నేనూ వాడి పక్కన కూర్చుని చూస్తాను.

విశాఖ_వింగ్:
అన్నా, ఈ ప్రశ్న నాకోసమే వేసినట్టుంది. 2002 వరల్డ్ కప్ అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. వేసవి సెలవుల ఆఖరి రోజులు. మ్యాచ్‌లు జపాన్, కొరియాల్లో కాబట్టి మనకు మధ్యాహ్నం, సాయంత్రం వచ్చేవి. టెన్ స్పోర్ట్స్ అప్పుడే కొత్తగా వచ్చింది. మా కేబుల్ ఆయన్ని నాలుగు రోజులు బతిమాలి పెట్టించుకున్నాం. వీధిలో అందరూ బ్రెజిల్ వైపే. నేను మాత్రం ఐర్లండ్ జర్సీలో ఎడమ కాలితో బంతి తీసుకెళ్ళే కుర్రాడికి పడిపోయాను. నాదీ ఎడమ కాలే, అందుకని.

సౌదీ మీద 3-0తో గెలిచిన మ్యాచ్‌లో మూడో గోల్ డఫ్‌ది. కొట్టాక యోకొహామా ప్రేక్షకులకు జపాన్ వాళ్ళలా వంగి నమస్కారం పెట్టాడు. మరుసటి రోజు మా గ్రౌండ్‌లో గోల్ కొట్టినవాడల్లా అలాగే వంగాడు.

మీ అబ్బాయికి మొదట చూపించాల్సింది మాత్రం స్పెయిన్ మ్యాచ్, 2002 జూన్ 16, సువాన్. రెండో సగం వదలకుండా చూపించండి.

సికింద్రాబాద్_సాకర్:
విశాఖ తమ్ముడు సరైన మ్యాచే చెప్పాడు. ఎందుకు సరైనదో నేను చెప్తాను. పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు ఆట నేర్పిస్తున్నాను.

ఆ టోర్నీలో డఫ్ మొదలుపెట్టింది వింగ్‌లో కాదు. రాబీ కీన్ పక్కన ఫార్వర్డ్‌గా ఆడాడు, ఎడమ వైపు కిల్బేన్ ఉండేవాడు. స్పెయిన్ ఎనిమిదో నిమిషంలోనే గోల్ కొట్టేసింది. రెండో సగంలో మేనేజర్ మిక్ మెకార్థీ పొడుగాటి నీల్ క్విన్‌ను దింపి డఫ్‌ను కుడి వింగ్‌కి పంపాడు. ఎడమ కాలి మనిషి కుడి పక్కన! అక్కడి నుంచి మ్యాచ్ మారిపోయింది. ఆ పక్కన కాపు కాసే స్పెయిన్ లెఫ్ట్ బ్యాక్ హువాన్‌ఫ్రాన్‌కి డఫ్ బయటికి పోతాడో లోపలికి తిరుగుతాడో అర్థం కాలేదు. కాసేపటికే పెనాల్టీ సంపాదించాడు. మన హార్ట్ కొట్టిన పెనాల్టీని స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ ఆపేశాడు. తిరిగొచ్చిన బంతిని కిల్బేన్ బయటికి కొట్టాడు. చివరి నిమిషంలో ఇంకో పెనాల్టీ, రాబీ కీన్ గోల్, 1-1. ఆఖరికి పెనాల్టీల షూటౌట్‌లో ఐర్లండ్ ఓడింది.

పిల్లవాడిని ఒక్కటే గమనించమనండి. బంతి తనకు రాకముందు డఫ్ ఒళ్ళు ఎటు తిప్పి ఉంటాడు? సగం ఆట అక్కడే ఉంది. వింగర్ బంతి అందుకున్నాక ఆలోచిస్తే అప్పటికే ఫుల్‌బ్యాక్, అంటే ఆ పక్కన కాపు కాసే డిఫెండర్, మీద పడిపోతాడు.

నీలి_జెర్సీ_హైదరాబాద్:
డఫ్ లండన్ క్లబ్ చెల్సీలో ఆడిన సంగతి నేను చెప్తాను. 2003లో 17 మిలియన్ పౌండ్లకు ఇంకో ఇంగ్లండ్ క్లబ్ బ్లాక్‌బర్న్ నుంచి కొన్నారు. అప్పటికి చెల్సీ చరిత్రలో అదే పెద్ద మొత్తం. మొదటి ఏడాది మేనేజర్ రనియేరి దగ్గర బాగా మొదలైంది గానీ భుజం గాయం దెబ్బ తీసింది. 2004లో కొత్త మేనేజర్ మొరీన్యో వచ్చాడు, కొత్త వింగర్ రాబెన్ వచ్చాడు. అందరూ డఫ్ పని అయిపోయిందన్నారు. సీజన్ మొదట్లో బెంచీ మీద కూర్చున్న మాట నిజమే. కానీ గాయం తగ్గి రాబెన్ వచ్చాక జరిగింది వేరు. ఇద్దరూ కలిసి ఆడారు. ఇద్దరూ ఎడమ కాలివాళ్ళే. మ్యాచ్ మధ్యలో వైపులు మార్చుకుంటుంటే ఫుల్‌బ్యాక్‌లకు దిక్కు తోచేది కాదు.

నేను మర్చిపోలేనివి రెండు. 2005 జనవరిలో లీగ్ కప్ సెమీస్, మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్. డఫ్ చాలా దూరం నుంచి ఎడమ కాలితో వేసిన ఫ్రీకిక్ ఎవరికీ తగలకుండా ఒక్కసారి నేలకు తగిలి లోపలికి వెళ్ళిపోయింది. 2-1. అది తెల్లవారుజాము, ఇంట్లో అందరూ నిద్ర, నేను దిండు నోట్లో పెట్టుకుని అరిచాను. రెండోది మార్చిలో బార్సిలోనా మీద 4-2. మొదటి ఇరవై నిమిషాల్లోనే మూడు గోల్స్, మూడోది డఫ్‌ది. ఆ ఏడు లీగ్, తర్వాతి ఏడు మళ్ళీ లీగ్. రెండు మెడల్స్.

విశాఖ_వింగ్:
బ్రో, చెల్సీకి వెళ్ళకుండా ఉంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది. బ్లాక్‌బర్న్‌లో జట్టంతా అతని చుట్టూ తిరిగేది. చెల్సీలో పెద్ద యంత్రంలో ఒక బోల్టు అయిపోయాడు.

నీలి_జెర్సీ_హైదరాబాద్:
అస్సలు ఒప్పుకోను తమ్ముడూ. 2004-05లో చెల్సీ లీగ్ మొత్తంలో 15 గోల్సే ఇచ్చింది. వింగర్లు వెనక్కి పరుగెత్తి ఫుల్‌బ్యాక్‌కి తోడు నిలబడకపోతే ఆ అంకె రాదు. బంతి పోయిన మరుక్షణం డఫ్ తిరిగి పరుగెత్తేవాడు. వీళ్ళ కోచ్ పిల్లవాడికి చెప్పింది కూడా అదేగా? హైలైట్స్‌లో ఆ పరుగులు ఉండవు. పూర్తి మ్యాచ్ చూడాల్సిందే.

బ్లాంచ్_నాన్న:
చాలా సంతోషం. ఒక సందేహం. ఈయన చిన్నప్పుడు ఏం చేశాడు? మా వాడికి ఇప్పుడే ఏదైనా అకాడమీ చూడాలా అని ఇంట్లో రోజూ టెన్షన్. మా ఆవిడ చదువు పాడవుతుందంటుంది.

టోల్కా_రివర్‌సైడ్:
నమస్తే అండీ, నేనూ డబ్లిన్‌లోనే, డ్రమ్‌కాండ్రాలో ఉంటా. డఫ్ 1979లో పుట్టాడు, ఊరు డబ్లిన్ దక్షిణాన బాలీబోడెన్. మీ అబ్బాయిలాగే ఇక్కడి పిల్లల క్లబ్బుల్లో, లెస్టర్ సెల్టిక్‌లో, లూర్డ్స్ సెల్టిక్‌లో ఆడాడు. 1996లో బ్లాక్‌బర్న్‌కి వెళ్ళాడు. 1997లో మలేషియాలో జరిగిన ప్రపంచ యూత్ టోర్నీలో బ్రయన్ కెర్ మేనేజర్‌గా ఉన్న ఐర్లండ్ జట్టు మూడో స్థానం తెచ్చింది, అందులో ఉన్నాడు. 1998 మార్చిలో చెక్ జట్టు మీద ఐర్లండ్ పెద్ద జట్టులోకి వచ్చాడు. రాబీ కీన్ కూడా అదే రోజు మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఆ దారి లేదండీ. అప్పట్లో ఐర్లండ్ పిల్లలు పదహారు, పదిహేడేళ్ళకే ఇంగ్లండ్ క్లబ్బుల్లో చేరిపోయేవాళ్ళు. 2021 నుంచి, బ్రెక్సిట్ వల్ల, ఇంగ్లండ్ క్లబ్బులు బయటి దేశాల పిల్లల్ని పద్దెనిమిది నిండేదాకా తీసుకోకూడదు. అందుకే ఇక్కడి లీగ్ క్లబ్బులు నడిపే అకాడమీలకు విలువ పెరిగింది. పన్నెండేళ్ళకు తొందరేం లేదు. ముందు ఉన్న క్లబ్‌లోనే ఆడనివ్వండి. మీ ఆవిడ మాట కూడా వినండి. పిల్లలు ఇంటి దగ్గరే ఉండి స్కూలు పూర్తిచేసే వీలు ఇప్పుడు దొరికింది, అది మంచిదేనని నా నమ్మకం.

సికింద్రాబాద్_సాకర్:
ఇంకొకటి కూడా చెప్పాలి. 1999లో బ్లాక్‌బర్న్ కింది డివిజన్‌కి పడిపోయింది. డఫ్ అక్కడే ఉండి రెండు సీజన్లు ఆడాడు. 2001లో జట్టు పైకి వచ్చింది, 2002లో కార్డిఫ్‌లో టాటెన్‌హామ్‌ని 2-1తో ఓడించి లీగ్ కప్ గెలిచింది. కింది డివిజన్‌లో మోటు ఫుల్‌బ్యాక్‌ల చేత తన్నులు తిన్న ఆ రెండేళ్ళు అతన్ని గట్టిపరిచాయని నా అంచనా.

టైన్_ఒడ్డున:
నేను 2008లో పీజీ కోసం న్యూకాసిల్ వెళ్ళాను. డఫ్ అప్పుడు అక్కడే. 2006లో చెల్సీ నుంచి 5 మిలియన్లకు వచ్చాడు. గాయాలు వదల్లేదు, జట్టు కూడా కుదురుగా లేదు. ఆ ఏడాది మనుషులు చాలక లెఫ్ట్ బ్యాక్‌గా కూడా ఆడించారు. 2009 మే 24, ఆఖరి మ్యాచ్, ఆస్టన్ విల్లా మైదానంలో. మేం నలుగురం తెలుగు కుర్రాళ్ళం ఊళ్ళో ఒక పబ్బులో నిలబడి చూస్తున్నాం. గారెత్ బ్యారీ కొట్టిన షాట్ డఫ్‌కి తగిలి దారి మారి సొంత గోల్‌లోకి వెళ్ళింది. 1-0. న్యూకాసిల్ కిందికి పడిపోయింది. మా పక్కన ఉన్న ముసలాయన టోపీ తీసి బల్లమీద పెట్టి మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ ఊళ్ళో ఆట అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

డఫ్ తన్నడం వల్ల పడిన గోల్ కాదది. అడ్డం పడదామని వెళ్ళినందుకు తగిలింది. ఆగస్టులో కింది డివిజన్ మొదటి మ్యాచ్ వెస్ట్ బ్రామ్ మీద. అందులో న్యూకాసిల్ గోల్ కొట్టింది డఫే. కొద్దిరోజులకు లండన్ క్లబ్ ఫుల్హమ్‌కి వెళ్ళిపోయాడు గానీ ఆ గోల్ కొట్టి వెళ్ళడం నాకు ఇప్పటికీ తృప్తి.

విశాఖ_వింగ్:
ఈ గాయాల మాట వచ్చింది కాబట్టి నా సంగతి ఒకటి చెప్తాను. కాలేజీలో యూనివర్సిటీ జట్టుకి ఆడేవాణ్ణి. తొడ వెనక కండరం లాగేసింది. పదిరోజులు కూడా కాకముందే సెమీస్ ఆడమన్నారు. ఆడాను. పూర్తిగా చిరిగింది. ఆ తర్వాత నా వేగం మళ్ళీ రాలేదు. వింగర్‌కి వేగం పోతే ఏమీ మిగలదనుకుని మానేశాను. ఇప్పుడు అనిపిస్తుంది, డఫ్ ఫుల్హమ్‌లో చేసింది అప్పుడు చూసి ఉంటే మానేసేవాణ్ణి కాదేమో. అన్నా, మీ అబ్బాయికి నొప్పి అంటే ఆ వారం ఆపేయండి. ఎవరేమన్నా సరే.

సికింద్రాబాద్_సాకర్:
తమ్ముడూ, బాధగా ఉంది చదువుతుంటే. ఇలాంటివి నేను చాలా చూశాను. మన సికింద్రాబాద్ ఆటగాడు, భారత జట్టుకి ఆడిన తులసీదాస్ బలరాం గారు కూడా ఎడమ వింగ్‌లో 1956, 1960 ఒలింపిక్స్ ఆడి, 1962 ఏషియాడ్‌లో బంగారు పతకం తెచ్చి, ఆ మరుసటి ఏడే అనారోగ్యంతో ఆట మానేయాల్సి వచ్చింది. సికింద్రాబాద్‌లో ఇప్పటికీ ఆయన పేరు చెప్పి పిల్లలకు ఎడమ కాలు వాడమంటాం.

ఫుల్హమ్ గురించి తమ్ముడు చెప్పింది నిజం. ముప్పై దాటాక డఫ్‌కి పాత వేగం లేదు. అక్కడ ఎక్కువగా కుడి వైపు ఆడాడు. బయటికి పరుగెత్తే బదులు లోపలికి తిరిగి ఎడమ కాలితో పాస్ ఇవ్వడం, షాట్ కొట్టడం. 2010లో ఫుల్హమ్ యువెంటస్‌ని 4-1తో ఓడించింది, హాంబర్గ్‌లో యూరోపా లీగ్ ఫైనల్ దాకా వెళ్ళి అట్లెటికో మాడ్రిడ్ చేతిలో అదనపు సమయంలో 2-1తో ఓడింది. చిన్న క్లబ్ అది. యువెంటస్ మ్యాచ్ మీ అబ్బాయికి చూపించాల్సిన రెండోది.

నీలి_జెర్సీ_హైదరాబాద్:
ఐర్లండ్‌కి సరిగ్గా 100 మ్యాచ్‌లు ఆడాడు, 8 గోల్స్. వందోది 2012 యూరోలో ఇటలీ మీద, కెప్టెన్‌గా. జట్టు ఆ టోర్నీలో మూడూ ఓడింది, అది వేరే సంగతి. అంతకుముందు 2009లో పారిస్‌లో ఫ్రాన్స్ ఆటగాడు హెన్రీ చేత్తో బంతి ఆపి గోల్ తెప్పించిన మ్యాచ్‌లోనూ డఫ్ ఉన్నాడు. గోల్‌కీపర్ లోరిస్ ఎదురుగా ఒక మంచి అవకాశం వచ్చింది, అతను ఆపేశాడు. అది పడి ఉంటే హెన్రీ చెయ్యి గురించి మాట్లాడుకునే పనే ఉండేది కాదు.

టోల్కా_రివర్‌సైడ్:
తర్వాత ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ సిటీలో ఒక సీజన్, చివరికి 2015లో ఇంటికొచ్చి డబ్లిన్ క్లబ్ షామ్రాక్ రోవర్స్. ఆ డిసెంబర్‌లో ఆపేశాడు. తర్వాత అదే రోవర్స్‌లో అండర్-15 పిల్లలకు నేర్పించాడు. చెల్సీలో రెండు లీగ్ మెడల్స్ గెలిచిన మనిషి చలిలో పొద్దున్నే పద్నాలుగేళ్ళ పిల్లల దగ్గర నిలబడటం, అది నాకు గోల్స్ కంటే ఎక్కువ.

2021 చివర్లో షెల్‌బర్న్ మేనేజర్ అయ్యాడు. వాళ్ళ మైదానం టోల్కా పార్క్ మా ఇంటికి పది నిమిషాల నడక. పాత మైదానం, పక్కనే వాగు. మొదటి ఏడు కప్ ఫైనల్లో డెర్రీ సిటీ క్లబ్ చేతిలో 4-0తో ఓడారు, ఆ రోజు నేను తల దించుకుని ఇంటికి నడిచాను. 2024 నవంబర్ 1న అదే డెర్రీ ఊళ్ళో, ఆఖరి మ్యాచ్‌లో, 85వ నిమిషంలో హ్యారీ వుడ్ గోల్‌తో 1-0. లీగ్ మాదైంది. 2006 తర్వాత మళ్ళీ అదే. నేను డెర్రీ వెళ్ళలేకపోయాను. వంటింట్లో ఫోన్ పట్టుకుని నిలబడ్డాను, పప్పు మాడిపోయింది, మా అమ్మాయి వచ్చి స్టవ్ ఆపింది. డఫ్ 2025 జూన్‌లో తప్పుకున్నాడు. వెళ్ళిపోయాడని విన్నరోజు నిజంగా దిగులేసింది.

బ్లాంచ్_నాన్న:
అందరికీ ధన్యవాదాలు. నిన్న స్పెయిన్ మ్యాచ్ రెండో సగం చూశాం. మొదట వాడికి విసుగొచ్చింది, బొమ్మ పాతదని. క్విన్ దిగి డఫ్ కుడి పక్కకు వెళ్ళాక ముందుకు జరిగి కూర్చున్నాడు. మధ్యలో ఆపి, "నాన్నా, బంతి స్పెయిన్ వాళ్ళ దగ్గరుంది, డఫ్ ఎక్కడున్నాడో చూడు" అన్నాడు. మన గోల్ వైపు పరుగెత్తుతున్నాడు. ఇంకో రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాడు.

టోల్కా గారూ, షెల్‌బర్న్ మ్యాచ్‌కి వాణ్ణి తీసుకురావచ్చా? టికెట్ ముందే కొనాలా?

టోల్కా_రివర్‌సైడ్:
తప్పకుండా తీసుకురండి. మ్యాచ్‌లు ఎక్కువగా శుక్రవారం సాయంత్రాలే. ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి, చిన్న మైదానం కదా, తొందరగా అయిపోతాయి. రివర్‌సైడ్ స్టాండ్ తీసుకోండి, వింగర్లు మన ముందే పరుగెత్తుతారు. బాబుకి మందపాటి జాకెట్ వేయండి, వాగు గాలి చాలా చల్లగా ఉంటుంది. గేటు దగ్గర కలుస్తాను.