1959లో బాగ్దాద్ వీధులన్నీ వాళ్లవే, 1963లో జైళ్లపాలు: ఇరాక్ కమ్యూనిస్టులకు ఏమైంది?

ప్రశ్న (పాతపటం): 1959 మేడే నాడు బాగ్దాద్‌లో లక్షల మందిని నడిపించిన పార్టీ 1963 ఫిబ్రవరిలో అంత తేలిగ్గా ఎలా కూలిపోయింది? 1960లో ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన కమ్యూనిస్టు పార్టీ అసలు ఇది కాదని కూడా అంటున్నారు. ఆ గొడవేంటి?

నదిగట్టు: ముందు లైసెన్సు సంగతి. 1960 జనవరిలో సంఘాల చట్టం తెచ్చారు. పార్టీ నడపాలంటే హోంశాఖకు దరఖాస్తు పెట్టాలి. దావూద్ అల్ సాయిగ్ అనే వేరుకుంపటి మనిషి అదే పేరుతో దరఖాస్తు పెట్టాడు, ఖాసిం (1958లో రాజరికాన్ని కూల్చి ప్రధాని అయిన సైనికాధికారి) ప్రభుత్వం లైసెన్సు అతని చేతిలో పెట్టింది. అసలువాళ్లు 'ఇత్తిహాద్ అల్ షాబ్' అని పేరు మార్చుకుని వెళ్లినా తిప్పి పంపారు. సాయిగ్ దగ్గర బోర్డు ఉంది, జనం లేరు. ఖాసింకు కావలసిందీ అదే.

ఎర్రసిరా: అసలు మలుపు 1959 వేసవిలో ఉంది. మార్చిలో మోసుల్‌లో షవ్వాఫ్ అనే సైనికాధికారి ఖాసిం మీద చేసిన తిరుగుబాటును అణచడంలో పార్టీ ముందుంది. ఆ ఊపులో మేడేకి 'ప్రభుత్వంలో మాకూ చోటివ్వాలి' అని అడిగింది. అడిగి ఊరుకుంది! జులైలో నజీహా అల్ దులైమీకి మంత్రి పదవి దక్కింది (అరబ్బు దేశాల్లో తొలి మహిళా మంత్రి ఆవిడే). అదే నెలలో కిర్కుక్‌లో తుర్క్‌మెన్ల (అక్కడి తుర్కీ మాట్లాడే మైనారిటీ) మీద హత్యాకాండ జరిగింది. ఖాసిం నెపం పార్టీ మీదికి నెట్టాడు, పార్టీ పట్టున్న ప్రజాప్రతిఘటన దళాల (పౌర సాయుధ దళాలు) కోరలు పీకేశాడు. కేంద్ర కమిటీ ఏమో తప్పులు ఒప్పుకుంటూ ఆత్మవిమర్శ అచ్చేసింది. వెనక్కి తగ్గేవాణ్ణి ఎవరైనా ఇంకాస్త తోస్తారు.

నదిగట్టు: 'తేలిగ్గా' అన్నమాట ఒప్పుకోను. 1963 ఫిబ్రవరి 8 పొద్దున ఖాసింను కూల్చడానికి దిగిన బాతిస్టులు (అరబ్బు జాతీయవాద బాత్ పార్టీవాళ్లు) మొట్టమొదట కాల్చి చంపింది వైమానిక దళాధిపతి జలాల్ అల్ అవ్‌ఖాతీని, ఆయన కమ్యూనిస్టు. పార్టీ జనాన్ని వీధుల్లోకి పిలిచింది. రక్షణశాఖ ముందు గుమిగూడి తుపాకులడిగితే ఖాసిం ఇవ్వలేదు. మర్నాడు ఆయన్నే చంపేశారు. కాజిమియా లాంటి పేటల్లో ఆ తరవాత కూడా పోరాడారు. కార్యదర్శి సలాం ఆదిల్ పట్టుబడి చిత్రహింసల్లో ప్రాణం విడిచాడు.

ఎర్రసిరా: నిజమే. ఇంకో సంగతి, 1958 తరవాత కార్యకర్తలు బహిరంగంగా తిరిగారు, ఎవరు ఎవరో పేటంతా తెలుసు. అంతకుముందు రహస్యంగా ఉన్నప్పుడూ లొసుగులుండేవి లెండి: అప్పటి పార్టీ నాయకుడు ఫహద్ కూత్ జైలు నుంచే పార్టీని నడిపాడు, బయట పార్టీ పని చూస్తున్న మాలిక్ సైఫ్ పట్టుబడి నోరు విప్పేసరికి ఆ గుట్టు రట్టయింది. జైల్లో ఉన్న మనిషిని మళ్లీ విచారించి 1949 ఫిబ్రవరిలో ఉరి తీశారు.

పాతపటం: మరి ఇంత జరిగాక 1973లో అదే బాత్‌తో ఫ్రంట్ (కూటమి) ఎందుకు కట్టారు?

నదిగట్టు: సోవియట్‌తో 1972 ఒప్పందం, చమురు జాతీయీకరణ చూసి బాత్ మారిందనుకున్నారు. ఇద్దరికి మంత్రి పదవులొచ్చాయి, పార్టీ పత్రిక బహిరంగంగా బయటికొచ్చింది. బదులుగా సైన్యంలో రాజకీయం బాత్‌కే వదిలేశారు. 1978లో ఉరి తీసిన కమ్యూనిస్టుల మీద మోపిన నేరం ఏంటో తెలుసా? సైన్యంలో సెల్స్ (రహస్య పార్టీ బృందాలు) పెట్టారని.