గంధకం, సల్ఫర్ ఒకటేనా? మామ్మ చిన్నోడి ఒంటికి రాయమంటాంది

పర్లాకిమిడి_కుర్రోడు

అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి పక్కన పల్లెటూరు, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. మా చిన్నోడికి వేళ్ళ సందుల్లో గజ్జి లేచింది, రాత్రి పడుకోనివ్వట్లేదు, గోకుడే గోకుడు. మా మామ్మేమో గంధకం నూరి కొబ్బరినూనెలో కలిపి రాసీ, అదే పోద్ది అంటాది. సరే అని మేనల్లుడ్ని పచారీ కొట్టుకి పంపితే వాడు గంధం చెక్క పట్టుకొచ్చాడు 😄 మళ్ళీ నేనే వెళ్ళి తెచ్చాను, బొటనవేలంత పచ్చటి గడ్డ, పట్టుకుంటే పెళుసుగా ఉంది.

ఇప్పుడు నా డౌటేటంటే, మామిడికి కొట్టగా మిగిలిన ప్యాకెట్ ఒకటి ఇంట్లో ఉంది, దానిమీద సల్ఫర్ 80 శాతం డబ్ల్యూడీజీ (నీళ్ళలో కలిసే గుళికలు) అని ఉంది. రెండూ ఒకటే అయితే నూరే పని లేకుండా ఆ ప్యాకెట్‌దే నూనెలో కలిపీయొచ్చా? ఇంకోటి, గంధం అంటే మంచి వాసన కదా, మరి ఈ కంపుదానికి గంధకం అని పేరెట్టిందెవరు?

బరంపురం_మాస్టారు

బాబూ, ముందు ఆ ప్యాకెట్ పక్కన పెట్టు. గంధకం, సల్ఫర్ ఒకటే మూలకం, ఎస్ అని రాస్తాం, పరమాణు సంఖ్య 16, అక్కడిదాకా నీ మాట కరెక్టే. కానీ ప్యాకెట్‌లో 80 శాతమే గంధకం, మిగతా 20 నీళ్ళలో కలిసి ఆకుకి అంటుకోడానికి వేసే సరుకు. అది చెట్టు కోసం చేసింది, పసివాడి చర్మం కోసం కాదు.

మామ్మ మాట కూడా వట్టిది కాదులే. గజ్జికి గంధకం లేపనం డాక్టర్లు ఇప్పటికీ వాడతారు, 5 నుంచి 10 శాతం, వాజలైన్‌లాంటి దాన్లో కలిపి. కొట్టులో గడ్డ ఎంత శుద్ధమో ఎవడికి తెలుసు, చేత్తో నూరితే ఎంత పాళ్ళు పడిందో అసలే తెలీదు, ఎక్కువైతే చర్మం మండి పొట్టు లేస్తుంది. ఇప్పుడు ఎక్కువగా పర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ రాస్తున్నారు. డాక్టరుకి చూపించు. అసలు సంగతేమిటంటే ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి, దురద లేనివాళ్ళు కూడా, దుప్పట్లు బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. లేకపోతే వాడికి తగ్గి నీకు ఎక్కుతుంది, నీకు తగ్గి మళ్ళీ వాడికి.

ఇక పేరు సంగతి. సంస్కృతంలో గంధం అంటే వాసన, మంచీ చెడ్డా రెండూనూ. మనం తెలుగులో దాన్ని చందనానికి కట్టేసుకున్నాం. మీ వీధిలో ఒడియావాళ్ళు మురిక్కాలవ దగ్గర ముక్కు మూసుకుని గొంధాఉఛి అంటారు చూడు, కంపు కొడుతోందని, అది కూడా ఈ గంధమే. వాళ్ళకి చందనం చొందొనొ. మీ మేనల్లుడు ఒడియాలో ఆలోచించుంటే సరైనదే తెచ్చేవాడు.

రాయగడ_మామిడి

మాస్టారు చెప్పింది రైట్. ఆ ప్యాకెట్ పూతమీద బూడిద తెగులుకి, లీటరుకి 3 గ్రాములు. అనుభవంతో చెప్తున్నా, ఎండ 32 డిగ్రీలు దాటాక కొట్టకండి, నేనొకసారి మధ్యాహ్నం కొట్టించి లేత ఆకు అంచులన్నీ మాడగొట్టుకున్నా. నూనె మందు కొట్టాక రెండు వారాలు ఆగి గాని ఇది కొట్టకూడదు. కంటికి అద్దాలు, మూతికి గుడ్డ తప్పదు, మనోళ్ళు తువ్వాలు చుట్టి కానిచ్చేస్తారు, సాయంత్రానికి కళ్ళు మిరపపళ్ళు.

సిరోంచ_మిర్చి

మా దిక్కు గడ్చిరోలి జిల్లాల మిర్చికి గిదే కొడ్తం, మరాఠోళ్ళు గూడ గంధక్ అనే అంటరు. నాకొక డౌటు, సల్ఫర్ అన్న ఇంగ్లీషు మాట గంధకానికున్న మన సంస్కృతం పేరు శుల్బారి నుంచే పోయిందని వాట్సాప్‌ల వచ్చింది, నిజమేనా సార్? ఇంకోటి, మా వదినకు సల్ఫా గోలీలు (ఒక తీరు యాంటీబయాటిక్) పడవు, ఒళ్ళంత దద్దుర్లు వస్తయి, గామె ఉల్లిగడ్డ ఎల్లిగడ్డ గూడ బంద్ చేసింది, గండ్ల సల్ఫర్ ఉంటదని.

బరంపురం_మాస్టారు

శుల్బారి అన్న మాట ఉంది, రాగికి శత్రువు అని అర్థం, గంధకం తగిలితే రాగి నల్లబడుతుంది కాబట్టి పెట్టినవాడు చూసే పెట్టాడు. కానీ సల్ఫర్ లాటిన్ మాట, ఆ రెంటికీ చుట్టరికం ఉందని భాషాశాస్త్రం వాళ్ళు ఒప్పుకోరు, వాట్సాప్ ఒప్పుకుంటుంది.

వదినగారిని ఉల్లి తినమనండి పాపం. సల్ఫా మందు వేరు, గంధకం వేరు. సల్ఫా మందుల్లో గంధకం పరమాణువు ఉన్నమాట నిజమే, కానీ ఎలర్జీ ఆ మందు అణువు నిర్మాణానికి, గంధకానికి కాదు. గంధకం మన ఒంట్లోనే ఉంది, వెంట్రుకల్లో, గోళ్ళలో. డాక్టరుకి మాత్రం సల్ఫా పడదని ప్రతిసారీ చెప్పాలి.

ఇంకో విషయం, శుద్ధమైన గంధకం గడ్డకి పెద్దగా వాసనే ఉండదు, కాలిస్తే నీలిమంట వచ్చి ఘాటు పొగ వస్తుంది, అది సల్ఫర్ డయాక్సైడ్. కుళ్ళిన గుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. వంటగ్యాస్‌కి సొంత వాసన లేదు, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ కలుపుతారు, అదీ గంధకం చుట్టమే. మా బరంపురం నుంచి తప్తపాణి వెళ్తే వేడినీటి గుండం దగ్గర ఆ కుళ్ళిన గుడ్డు వాసనే తగులుతుంది. జనం చర్మరోగాలు పోతాయని ఆ నీళ్ళలో మునుగుతారు, అంటుకునే గజ్జితో మాత్రం నలుగురు దిగే నీళ్ళలో దిగకండి.

పర్లాకిమిడి_కుర్రోడు

అప్‌డేట్. డాక్టర్ పర్మెత్రిన్ రాసాడు, మెడ కింద నుంచి అరికాళ్ళదాకా అందరం పూసుకొని పడుకున్నాం, మామ్మ కూడా, తిట్టుకుంటూనే. వారం తర్వాత ఇంకోసారి రాయమన్నాడు. చిన్నోడు నిన్న రాత్రి కాస్త నిద్రపోయాడు. ప్యాకెట్ తోటలో షెడ్డుకి పంపీసాను. గడ్డ పారేస్తానంటే మామ్మ ఒప్పుకోలేదు, కాగితంలో చుట్టి గూట్లో పెట్టీసింది.