గుడి శాసనానికి అచ్చు తీయాలి, అందరం కొత్తవాళ్లమే. ఎలా?

ఊరిచరిత్ర: మండలంలో చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లం సంఘంగా ఏర్పడి నెలకో ఆదివారం కలుస్తున్నాం. ఇప్పటిదాకా అన్నీ ఉపన్యాసాలే. వచ్చే నెల శివాలయం ముందున్న నాలుగు పలకల శాసన స్తంభానికి అచ్చు తీద్దామని ఉంది. దాని మీద సున్నం కొట్టారు. కాగితం, సిరా ఏవి వాడాలి? కొత్తవాళ్లు చదవగలరా?

రాతిగీత: ముందు పురావస్తు శాఖ జిల్లాలవారీ శాసన సంపుటాలు చూడండి, మీ స్తంభం పాఠం అందులో ఉండొచ్చు. గుడి రక్షిత కట్టడమైతే ఆ శాఖ రాతపూర్వక అనుమతి లేనిదే రాయిని ముట్టుకోకూడదు. దేవాదాయ శాఖ గుడైతే ఈవోని అడగండి.

సున్నానికి తడిగుడ్డ కప్పి నాననిచ్చి, వెదురుపుల్లతో, కొబ్బరిపీచుతో మెల్లగా తీయండి. వైరు బ్రష్షు, యాసిడ్ వద్దే వద్దు. ఎనామిల్ పెయింటైతే వదిలేయండి, గీకితే అక్షరం కూడా పోతుంది.

మ్యాప్‌లిథో కాగితం నీళ్లలో ముంచి రాతికి అంటించి, గట్టి కుచ్చు బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు కొడుతూ రావాలి. గాలి బుడగలు పోయి కాగితం అక్షరాల గుంటల్లోకి దిగాలి. ఎక్కడైనా చిరిగితే అదే కాగితం తడిముక్క అతికించండి. తడి మెరుపు పోయాక, పూర్తిగా ఆరకముందే, దీపపు మసి, తుమ్మబంక కలిపిన సిరాను దూది మూటతో పల్చగా అద్దాలి. అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. తొందరపడితే సిరా గుంటల్లోకి పాకుతుంది, చిక్కగా అద్దితే కాగితం దాటి రాయికి మరక పడుతుంది. ఎండలో అంచులు ముందే ఆరి లేచిపోతాయి కాబట్టి పొద్దున్నే, నీడ పట్టి చేయండి.

కాగితం ఊడదీసే ముందే ఊరు, తేదీ, ఏ దిక్కు పలక, పైభాగం ఎటు అన్నది రాయండి. ఇది మరిచిపోతే నాలుగు పలకల వరస తెలియక తర్వాత తల పట్టుకోవాల్సిందే!

మసిబొగ్గు: చదవడం గురించి. మొదట్లో ‘స్వస్తిశ్రీ’, చివర్లో దానం కాజేసేవాళ్లను శపించే ‘స్వదత్తాం పరదత్తాం వా’ శ్లోకం చాలా శాసనాల్లో ఉంటాయి. పాఠం ముందే తెలుసు కాబట్టి వాటితోనే పాత అక్షరాలు నేర్చుకోండి. దానం వివరాలుండే మధ్య భాగం ఆఖరున పట్టండి.

తేదీకి ఓ తనిఖీ: శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగిస్తే వచ్చే శేషం ప్రభవ నుంచి ఎన్నో సంవత్సరమో చెబుతుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో శక 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి. 1096ని 60తో భాగిస్తే శేషం 16, చిత్రభాను 16వదే. శక 1084కి 78 కలిపితే క్రీ.శ. 1162, కానీ మాఘానికి ఇంగ్లీషు ఏడాది మారుతుంది కాబట్టి 1163 జనవరి. ఒక్క ఏడాది తేడా వస్తే గత (పూర్తయిన ఏళ్లు), వర్తమాన (నడుస్తున్న ఏడాది) లెక్కల గొడవ కావచ్చు. అంతకు మించితే అంకె తప్పు చదివి ఉండొచ్చు.

ఊరిచరిత్ర: అనుమతి ఆలస్యమైతే ఫొటోలతో సరిపెట్టుకోవచ్చా?

రాతిగీత: చాలావరకు సరిపోతాయి. చీకటి పడ్డాక టార్చిని రాతికి ఆనించినంత పక్కగా పట్టి నాలుగు వైపుల నుంచీ తీయండి. ఒకవైపు వెలుగులో కనబడని కొమ్ము మరోవైపు వెలుగులో తేలుతుంది. ప్రతి ఫొటోలో స్కేలు ఉండాలి. అక్షరాల్లో పిండి, సుద్ద రాయొద్దు.