అప్‌డేట్: ల్యాప్‌టాప్ 38 వేలదా, 62 వేలదా అని అడిగింది నేనే

మా చెల్లి కావలిలో బీటెక్ సీఎస్ఈ చేరింది, 8 జీబీ ర్యామ్ ఉన్న 38 వేల ల్యాప్‌టాప్ సరిపోతుందా, 16 జీబీ ఉన్న 62 వేలది కొనాలా అని అడిగాను కదా. చవకదే తీసుకున్నాం. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటే తర్వాత పెంచుకోలేవు, ఇంకో ర్యామ్ కార్డు పెట్టే స్లాట్ ఉందేమో ముందు చూసుకో అని మీలో ఒకరన్నారు చూడండి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఒక షాపులో అడిగితే ఆ కుర్రాడు "అన్నీ పెంచుకోవచ్చులే అన్నా" అని తేల్చేశాడు, నాకు నమ్మకం కుదరక అక్కడే నిలబడి మోడల్ నంబర్ కొట్టి కంపెనీ సైట్‌లో చూశా: 8 జీబీ బోర్డు మీద, పక్కన ఒక స్లాట్ ఖాళీ, డీడీఆర్4 రకం ర్యామ్. వారంటీకి ఇబ్బంది లేదని కనుక్కుని సర్వీస్ సెంటర్లోనే ఇంకో 8 వేయించాం. వెనక మూత విప్పి, కార్డు ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు క్లిప్పులూ టక్కున పట్టేశాయి, అంతే పని. ఇప్పుడు ఆండ్రాయిడ్ స్టూడియో (యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్), ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్), క్రోమ్ కలిపి తెరిచినా ఇబ్బంది పెట్టడం లేదు.

స్క్రీన్ మాత్రం నాసిరకమే, పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. కోడ్ రాసుకునే పిల్లకి పర్లేదు. వీడియో ఎడిటింగో గేమింగో అయ్యుంటే 62 వేలదే కొనేవాణ్ణి. మిగిలిన డబ్బు హాస్టల్ ఫీజుకి పోయింది.