అమ్మ మోకాళ్ల నొప్పులు: ఆ సూదిమందు మాన్పించేదెలా?

మా అమ్మకి 61 ఏళ్లు, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. పెళ్లయినప్పటి నుంచి మొన్నమొన్నటి దాకా వరినాట్లకి వెళ్లిన మనిషి. రెండేళ్లుగా మోకాళ్లు పట్టేస్తున్నాయి. పీట మీంచి లేవాలంటే ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి తొడకి ఆనించి, "అమ్మా" అంటూ లేస్తుంది. లోపల కటకటమని చప్పుడు నాక్కూడా వినిపిస్తుంది.

ఎక్స్‌రే తీయించాం. గుజ్జు అరిగింది, ఆస్టియో ఆర్థరైటిస్ అన్నారు. పొద్దున లేవగానే బిగుసుకుపోయినా పది నిమిషాల్లో సర్దుకుంటుంది కాబట్టి కీళ్లవాతం కాకపోవచ్చట. బరువు తగ్గమన్నారు, కింద కూర్చోవద్దన్నారు. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, ఐదు సెకన్లు అదిమి వదిలే వ్యాయామం చూపించారు. అమ్మ నాలుగు రోజులు చేసి, నొప్పి పెరిగిందని ఆపేసింది.

ఇప్పుడు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటోంది. వేసిన వారం హాయిగా ఉంటుంది, షుగర్ మాత్రం ఎగబాకుతోంది. అందులో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్లలూ దాచుకుని మింగుతోంది, బీపీ ఉన్నవాళ్లకి కిడ్నీల మీద పడుతుందని చెప్పినా వినదు.

మీ ఇళ్లలో ఎవరైనా వ్యాయామంతో తేరుకున్నారా? ఎన్ని వారాలకి తేడా తెలిసింది? మొదట్లో నొప్పి పెరగడం మామూలేనా? మోకాలికి తొడిగే పట్టీ (నీ-క్యాప్) పనికొస్తుందా? ఆపరేషన్ మాటెత్తితే అమ్మ అన్నం మానేస్తోంది, అది తప్ప ఏదైనా చెప్పండి.